చిన్న బల్ల మీద పెరిగిన నవల: జేన్ ఆస్టెన్ జీవితం

ఆంగ్ల సాహిత్యంలో ప్రేమకథకు గంభీరమైన నవలా గౌరవాన్ని సంపాదించి పెట్టిన రచయిత్రులలో మొదట చెప్పుకోవలసిన పేరు జేన్ ఆస్టెన్. ఆమె జీవించినది 41 సంవత్సరాలు. పూర్తి చేసిన నవలలు ఆరు. వాటిలో నాలుగు ఆమె బ్రతికి ఉండగా వెలువడినాయి. ఆ నాలుగింటిలో ఏ ఒక్కదాని ముఖపత్రం మీదా ఆమె పేరు లేదు. ఆమె వివాహం చేసుకొనలేదు, ఇంగ్లండు దాటి వెళ్ళలేదు, పండిత సభలలో కూర్చొనలేదు. ఆమె గతించి రెండు వందల ఏళ్ళు దాటినా ఆ ఆరు నవలలు నేటికీ ముద్రణలో ఉన్నాయి, తరగతి గదులలో పాఠ్యాంశాలుగా ఉన్నాయి, వెండితెర మీద మళ్ళీ మళ్ళీ కనిపిస్తున్నాయి.

మహారచయితల జీవితాలు చెప్పేటప్పుడు ప్రతిభ పుట్టుకతోనే వచ్చిందనీ, ఎన్ని అడ్డంకులు ఎదురైనా అది తన దారి తానే చేసుకొన్నదనీ చెప్పి ముగించడం మనకు అలవాటు. జేన్ ఆస్టెన్ జీవితాన్ని సంవత్సరాల వారీగా పరిశీలించిన వారికి ఆ మాట సగమే నిజమని తోస్తుంది. ఆమెకు ప్రతిభ ఎప్పుడూ ఉన్నది. అయితే ఒక స్థిరమైన ఇల్లు, వ్రాసుకొనేందుకు ఒక బల్ల, పనిభారాన్ని పంచుకొనే మనిషి ఉన్నప్పుడే ఆ ప్రతిభ పుస్తకాలుగా మారింది. అవి లేని సంవత్సరాలలో దాదాపు మూగబోయింది. డెబ్బై ఐదేళ్ళుగా ఆడపిల్లలకు అక్షరాలు నేర్పుతున్న మన పాఠశాల వంటి సంస్థకు ఈ విషయం ప్రత్యేకంగా ఆలోచించదగినది.

ఇల్లే బడి

జేన్ 1775 డిసెంబరు 16న దక్షిణ ఇంగ్లండులోని హాంప్‌షైర్ జిల్లా, స్టీవెంటన్ గ్రామంలో జన్మించింది. తండ్రి జార్జ్ ఆస్టెన్ ఆ ఊరి చర్చికి మతాచార్యుడు. తల్లి పేరు కసాండ్రా. ఎనిమిది మంది సంతానంలో జేన్ ఏడవది. ఆరుగురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. తల్లి పేరే పెట్టుకొన్న అక్క కసాండ్రా జేన్‌కు జీవితాంతం ప్రాణస్నేహితురాలు.

ఆ పెద్ద కుటుంబానికి తండ్రి జీతం చాలేది కాదు. ఆయన కొంత సేద్యం చేయించేవాడు. కొందరు బాలురను ఇంట్లోనే ఉంచుకొని చదువు చెప్పేవాడు. ఆ విధంగా జేన్ పుట్టి పెరిగిన ఇల్లు ఒక చిన్న వసతి పాఠశాల. ఆమె సోదరులలో ఇద్దరు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి, ఇద్దరు పోర్ట్స్‌మత్‌లోని నౌకాదళ విద్యాలయానికి వెళ్ళారు. ఆడపిల్లల చదువు మాత్రం మరొక విధంగా సాగింది.

1783లో అక్కచెల్లెళ్ళిద్దరినీ ఆక్స్‌ఫర్డ్‌లో ఒక ఉపాధ్యాయిని వద్దకు పంపించారు. కొద్ది నెలలకు ఆమె పిల్లలను తీసుకొని సౌతాంప్టన్ చేరింది. అక్కడ విషజ్వరం వ్యాపించి జేన్ చావు దాకా వెళ్ళి వచ్చింది. పిల్లలను తీసుకొనిపోవడానికి వచ్చిన పెద్దమ్మ అదే జ్వరం సోకి మరణించింది. ఆ తరువాత రెడింగ్ పట్టణంలోని ఒక బాలికల పాఠశాలలో కొంతకాలం చదివారు. 1786 చివరి నాటికి, అంటే జేన్‌కు పదకొండేళ్ళు వచ్చేసరికి, ఆమె బడి చదువు ముగిసింది.

బడి ఆగినా చదువు ఆగలేదు. తండ్రి గ్రంథాలయంలో ఐదు వందలకు పైగా పుస్తకాలు ఉండేవి. ఆడపిల్ల అని ఆయన ఏ అలమారకూ తాళం వేయలేదు. చరిత్ర, కవిత్వం, నాటకాలు, నవలలు అన్నీ ఆమె చేతికి అందినాయి. నవల చదవడం తక్కువరకపు పని అని పెద్దలు భావించే ఆ రోజులలో ఆస్టెన్ కుటుంబం మొత్తం కూర్చొని నవలలు బిగ్గరగా చదువుకొనేది. ధాన్యపు కొట్టంలో అన్నలు నాటకాలు ప్రదర్శించేవారు. పాత్ర నోటి నుండి వచ్చే మాట ఎలా ఉండాలో, వినేవారు ఎక్కడ నవ్వుతారో ఆ బాలిక అక్కడే గ్రహించింది.

కడలూరు వరకు ఒక దారి

తమిళనాడులో నివసించే మనకు జేన్ ఆస్టెన్ కుటుంబంతో ఒక సంబంధం ఉన్నదన్న సంగతి చాలామందికి తెలియదు. జార్జ్ ఆస్టెన్ అక్క ఫిలడెల్ఫియా చిన్నతనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి లండన్‌లో ఆడవారి టోపీలు తయారుచేసే దుకాణంలో పని నేర్చుకొన్నది. కట్నం ఇచ్చేవారు లేని అమ్మాయికి స్వదేశంలో పెళ్ళి జరిగే ఆశ తక్కువ. ఆమె 1752లో ఓడ ఎక్కి మద్రాసు చేరింది. 1753 ఫిబ్రవరిలో కడలూరులో, ఈస్టిండియా కంపెనీ వైద్యుడు టైసో సాల్ హ్యాంకాక్‌తో ఆమె వివాహం జరిగింది. కడలూరు ప్రక్కనున్న సెయింట్ డేవిడ్ కోటలో ఆయన ఉద్యోగం. వారి ఏకైక కుమార్తె ఎలైజా 1761లో కలకత్తాలో జన్మించింది.

ఈ ఎలైజా పెరిగి ఒక ఫ్రెంచి సైనికాధికారిని వివాహమాడింది. ఫ్రెంచి విప్లవకాలంలో, 1794లో, ఆయన శిరచ్ఛేదానికి గురైనాడు. తరువాత 1797లో ఎలైజా జేన్ అన్న హెన్రీని పెళ్ళి చేసుకొన్నది. మన మాటలో ఇది మేనరికమే. వధువు వరునికంటె పదేళ్ళు పెద్ద కావడం ఒక్కటే మనకు కొత్త. స్టీవెంటన్‌కు వచ్చినప్పుడల్లా దేశదేశాల కబుర్లు తెచ్చే ఈ మేనత్త కూతురంటే జేన్‌కు ఎంతో ఇష్టం. 1790లో వ్రాసిన ఒక హాస్యరచనను ఆమెకే అంకితమిచ్చింది.

మేనత్త కథ జేన్ మనసులో లోతుగా నాటుకొన్నది. 1792లో, పదహారేళ్ళ వయసులో, వ్రాయబూనిన ఒక కథలో ఒక అనాథ యువతిని బంధువులు వరుని కోసం బెంగాలుకు ఓడలో పంపించి వేస్తారు. అక్కడ ధనవంతుడూ, ఆమె కంటె రెట్టింపు వయసువాడూ అయిన భర్త లభిస్తాడు. సుఖం మాత్రం లభించదు. ఆస్తి లేని స్త్రీకి పెళ్ళి ప్రేమ కోసమా, పొట్ట గడవడం కోసమా అన్న ప్రశ్న ఆనాటి నుండి చివరి వరకు జేన్ రచనలను విడిచిపోలేదు. ప్రేమకథలు వ్రాసిన వారెందరో ఉన్నారు. నాయకుని వార్షికాదాయం ఎంతో, నాయికకు తండ్రి మిగిల్చినది ఎంతో పౌండ్లలో లెక్కగట్టి చెప్పి, ఆ లెక్కల నడుమ ప్రేమ ఎలా నిలబడుతుందో చూపించడం ఈమె ప్రత్యేకత.

మూడు నోటు పుస్తకాలు

సుమారు 1787 నుండి 1793 వరకు జేన్ వ్రాసిన బాల్యరచనలు మూడు నోటు పుస్తకాలలో భద్రంగా ఉన్నాయి. రెండవ పుస్తకం తండ్రి ఇచ్చిన బహుమతి. నాయికలు మాటిమాటికి మూర్ఛపోయే ఆనాటి ప్రేమ నవలలను ఎగతాళి చేస్తూ వ్రాసిన కథలు, నాటికలు వాటిలో ఉన్నాయి. 1791లో పిల్లల పాఠ్యపుస్తకాలను అనుకరిస్తూ ఒక హాస్య ఇంగ్లండు చరిత్ర వ్రాసింది. దానికి రాజుల బొమ్మలు వేసినది అక్క కసాండ్రా. ఆ పుస్తకాలలో వర్ణక్రమ దోషాలూ ఉన్నాయి, అల్లరీ ఉన్నది. వాటిని ఇంటివారు విని నవ్వారు, ఇంకా వ్రాయమన్నారు. పదిహేనేళ్ళ పిల్ల వ్రాతను శ్రద్ధగా వినే ఇల్లు ఆమెకు దొరికిన మొదటి అదృష్టం.

పరిహాసం నుండి ఆమె మెల్లగా అసలు నవల వైపు నడిచింది. 1795 ప్రాంతంలో 'ఎలినార్ అండ్ మేరియాన్' అనే ఇద్దరు అక్కచెల్లెళ్ళ కథ వ్రాసింది. 1796 అక్టోబరు నుండి 1797 ఆగస్టు వరకు 'ఫస్ట్ ఇంప్రెషన్స్' అనే నవల వ్రాసింది. తొలిచూపులో ఏర్పడే అభిప్రాయాలని దాని భావం. 1798-99 సంవత్సరాలలో 'సూసన్' అనే మరొక నవల పూర్తి చేసింది. ఇరవై ఐదేళ్ళు నిండకముందే మూడు నవలలు వ్రాతప్రతులుగా ఆమె చేతిలో ఉన్నాయి.

ఆ సంవత్సరాలలోనే జీవితం కూడా తన పాఠాలు చెప్పింది. 1795 డిసెంబరులో ఐర్లండు నుండి బంధువుల ఇంటికి వచ్చిన టామ్ లెఫ్రాయ్ అనే న్యాయవిద్యార్థితో జేన్‌కు స్నేహం కుదిరింది. నృత్యసభలలో ఇద్దరూ కలిసి కనిపించారు. ఇద్దరికీ ఆస్తి లేదు. కొద్ది వారాలకే ఆ యువకుడు వెళ్ళిపోయాడు. తదనంతర కాలంలో ఐర్లండుకు ప్రధాన న్యాయమూర్తి అయినాడు. 1797లో కసాండ్రాకు నిశ్చయమైన వరుడు వెస్టిండీస్‌లో పచ్చజ్వరంతో మరణించాడు. అక్క మరి పెళ్ళి తలపెట్టలేదు. 1798 అక్టోబరులో ఒక ప్రయాణంలో జేన్ వ్రాతపెట్టె పొరపాటున వెస్టిండీస్‌కు పోయే ప్రయాణికుల బండిలోకి చేరింది. గుర్రపు రౌతును పరుగెత్తించి వెనుకకు తెప్పించారు. ఆ పెట్టెలో ఉన్న ఏడు పౌండ్లే అప్పటికి ఆమె యావదాస్తి.

మౌనం ఆవరించిన సంవత్సరాలు

1797 నవంబరు 1న తండ్రి లండన్‌లోని థామస్ కాడెల్ అనే ప్రసిద్ధ ప్రచురణకర్తకు, ఒక నవల ఉన్నది, పరిశీలిస్తారా అని లేఖ వ్రాశాడు. ఆ నవల 'ఫస్ట్ ఇంప్రెషన్స్'. వ్రాతప్రతిని తెప్పించుకొని చూడకుండానే ఆ ప్రచురణకర్త తిరుగు టపాలో నిరాకరించాడు.

1800 చివరలో తండ్రి తన బాధ్యతలను పెద్ద కుమారునికి అప్పగించి బాత్ నగరంలో విశ్రాంతి తీసుకోవాలని నిశ్చయించాడు. ఈ నిర్ణయంలో కుమార్తెల ప్రమేయం లేదు. సామాను వేలం వేశారు. తండ్రి పుస్తకాలు, జేన్ పియానో అమ్ముడుపోయినాయి. 1801 మే నెలలో కుటుంబం బాత్ చేరింది. ఆ తరువాత ఎనిమిదేళ్ళు అద్దె ఇళ్ళు, బంధువుల ఇళ్ళు, తీరప్రాంతపు విడుదులు. ఎక్కడా తనదంటూ ఒక మూల లేదు.

1802 డిసెంబరు 2న హాంప్‌షైర్‌లోని మానీడౌన్ అనే బంగళాలో, పాత స్నేహితురాళ్ళ తమ్ముడు హారిస్ బిగ్-విదర్ ఆమెను వివాహమాడమని కోరాడు. అతడు పెద్ద ఎస్టేటుకు వారసుడు. ఆమెకు ఇరవై ఏడేళ్ళు రావడానికి రెండు వారాలు మాత్రమే ఉన్నది. ఆ పెళ్ళి జరిగితే తనకూ, అక్కకూ, వృద్ధులైన తల్లిదండ్రులకూ నీడ దొరికేది. ఆ సాయంత్రం ఆమె సమ్మతించింది. మరునాటి ఉదయం ఆ సమ్మతిని ఉపసంహరించుకొని, అక్కతో కలిసి వెంటనే ఆ ఊరు విడిచి వెళ్ళిపోయింది. నవలలో అయితే అటువంటి నాయికకు వెంటనే మరొక మంచి వరుడు ఎదురవుతాడు. జేన్‌కు అటువంటిదేమీ జరుగలేదు. తన నాయికలచేత తరువాత చేయించిన సాహసానికి తాను ముందే మూల్యం చెల్లించింది.

1803లో బెంజమిన్ క్రాస్బీ అనే ప్రచురణకర్త 'సూసన్' హక్కులను పది పౌండ్లకు కొన్నాడు. త్వరలో వెలువడుతుందని ప్రకటన కూడా వేశాడు; అచ్చువేయలేదు. 1804లో 'ది వాట్సన్స్' అనే నవల మొదలుపెట్టింది. పేద మతాచార్యుడు మరణించగా నిరాశ్రయులయ్యే ఆడపిల్లల కథ అది. 1805 జనవరి 21న ఆమె తండ్రి నిజంగానే మరణించాడు. ఆ నవల అక్కడే నిలిచిపోయింది. తల్లి, ఇద్దరు కుమార్తెలు సోదరులు ఏటేటా పంపే సొమ్ము మీద ఆధారపడవలసి వచ్చింది. ముగ్గురిలో జేన్ ఒక్కదానికే సొంత రాబడి ఏమాత్రం లేదు.

ఈ కాలాన్ని తపస్సుగా, రచయిత్రి మనసులో నవలలు పండిన కాలంగా వర్ణించడం తేలిక. కాని లెక్క చూడండి. స్టీవెంటన్‌లో ఐదేళ్ళలో మూడు నవలలు. స్థిరనివాసం లేని ఎనిమిదేళ్ళలో సగంలో ఆగిన ఒక్క నవల. కష్టం మనిషిని రాటుదేలుస్తుందన్న మాట అన్నివేళలా వర్తించదు. ఆ ఎనిమిదేళ్ళలో మనం ఏమి కోల్పోయామో ఎన్నటికీ తెలియదు.

1809 ఏప్రిల్‌లో ఆమె క్రాస్బీకి ఒక లేఖ వ్రాసింది. మారుపేరుతో సంతకం చేస్తూ, ఆరేళ్ళయినా నవల ఎందుకు అచ్చుకాలేదని ప్రశ్నించింది. ఆ మారుపేరులోని మొదటి అక్షరాలు కలిపితే ఆంగ్లంలో పిచ్చికోపం అని అర్థమిచ్చే మాట వస్తుంది. అచ్చువేయడానికి గడువేదీ లేదనీ, కావాలంటే అదే పది పౌండ్లు చెల్లించి వెనుకకు తీసుకోవచ్చుననీ సమాధానం వచ్చింది. పది పౌండ్లు ఆమె దగ్గర లేవు.

చావ్టన్ ఇల్లు

అదే సంవత్సరం జులై 7న పరిస్థితి మారింది. అన్న ఎడ్వర్డ్‌ను సంతానంలేని ధనిక బంధువులు చిన్ననాడే దత్తత తీసుకొన్నారు. ఆయనకు వారసత్వంగా వచ్చిన ఆస్తిలో చావ్టన్ గ్రామంలో ఒక ఇల్లు ఉన్నది. దానిని తల్లికీ చెల్లెళ్ళకూ ఇచ్చాడు. వారితోపాటు మార్తా లాయిడ్ అనే స్నేహితురాలు కూడా చేరింది. అది గొప్ప భవనమేమీ కాదు, రహదారి ప్రక్కన ఉన్న ఇటుకల ఇల్లు. కాని ఎవరూ ఖాళీ చేయమనని ఇల్లు.

ఆ ఇంట్లో పనుల పంపకం గమనించదగినది. జేన్ ఉదయం లేచి పియానో వాయించుకొని, తొమ్మిది గంటలకు అందరికీ ఫలహారం సిద్ధం చేసేది. తేయాకు, చక్కెర, ద్రాక్షసారాయి నిల్వల బాధ్యత ఆమెది. మిగిలిన ఇంటి పెత్తనమంతా కసాండ్రా, మార్తా చూసుకొనేవారు. ఫలహారం తరువాత కిటికీ ప్రక్కన పన్నెండు పలకల చిన్న బల్ల ముందు ఆమె కూర్చొనేది. చిన్న చిన్న కాగితాల మీద వ్రాసి, ఎవరైనా వస్తే దాచివేసేదని, తలుపు కిర్రుమంటుంటే బాగుచేయనిచ్చేది కాదని ఆమె మేనల్లుడు తరువాతి కాలంలో వ్రాశాడు. ఆ బల్ల నేటికీ చావ్టన్‌లో ఉన్నది. కాఫీ కప్పు, పుస్తకం పెడితే నిండిపోయేంత బల్ల.

ఆ బల్ల మీద ఆమె ముందుగా చేసిన పని కొత్తది వ్రాయడం కాదు, పాతది దిద్దడం. 'ఎలినార్ అండ్ మేరియాన్' అప్పటికే ఒకసారి మారి 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' అయింది. దానిని మళ్ళీ సవరించి, నష్టం వస్తే తానే భరించే ఒప్పందంపై థామస్ ఎగర్టన్ ద్వారా 1811 అక్టోబరు 30న ప్రచురించింది. మూడు సంపుటాలు, వెల 15 షిల్లింగులు. రచయిత పేరుండవలసిన చోట ఒక స్త్రీ వ్రాసినది అని మాత్రమే ఉన్నది. 1813 మధ్యకు ప్రతులన్నీ అమ్ముడై ఆమెకు 140 పౌండ్లు మిగిలినాయి. 36వ ఏట మొదటి పుస్తకం.

పదహారేళ్ళ క్రితం నాటి 'ఫస్ట్ ఇంప్రెషన్స్'ను కత్తిరించి, కుదించి, దిద్ది 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'గా మార్చింది. ఆమె 150 పౌండ్లు ఆశించినా ఎగర్టన్ 110 పౌండ్లకు పూర్తి హక్కులు కొన్నాడు. 1813 జనవరి 28న అది వెలువడింది. గర్విష్ఠుడైన డార్సీ, తొందరపాటుతో తీర్పు చెప్పే ఎలిజబెత్ ఒకరినొకరు అర్థం చేసుకొనే ఆ కథ అదే సంవత్సరం రెండవ ముద్రణ పొందింది. ఆ లాభంలో రచయిత్రికి ఒక్క పెన్నీ రాలేదు. అప్పటి నుండి ఆమె ఏ నవల హక్కులనూ పూర్తిగా అమ్ముకొనలేదు.

ఎదుగుదల

ఆ నవల విజయాన్ని చూసి మరొక ఎలిజబెత్‌ను సృష్టించి ఉంటే పాఠకులు సంతోషించేవారే. ఆమె అలా చేయలేదు. 1814 మే నెలలో వచ్చిన 'మాన్స్‌ఫీల్డ్ పార్క్'లో నాయిక ఫానీ ప్రైస్ ధనిక బంధువుల పంచన పెరిగే పేదపిల్ల. చమత్కారంగా మాట్లాడదు, గట్టిగా నవ్వదు. కాని మనసుకు నచ్చని ధనిక వరుని తిరస్కరించి, పెంచినవారి ఆగ్రహాన్ని మౌనంగా భరిస్తుంది. పాఠకుల మెప్పు సులభంగా పొందే నాయికను విడిచి, కష్టపడి అర్థం చేసుకోవలసిన నాయికను ఎన్నుకోవడం రచయిత్రిగా ఆమె వేసిన పెద్ద అడుగు.

1814 జనవరి 21న ప్రారంభించి 1815 మార్చి 29న ముగించిన 'ఎమ్మా'లో మరొక అడుగు వేసింది. ఈసారి నాయిక ధనవంతురాలు, తెలివైనది, ఊరివారి పెళ్ళిళ్ళు కుదర్చడం తన పని అనుకొనే అమ్మాయి. ఆమె ఊహించినవన్నీ తప్పులే. అయితే కథ చాలాచోట్ల ఎమ్మా మనసులో నుండి సాగుతుంది కనుక పాఠకుడు కూడా ఆమెతో పాటే పొరబడతాడు. రెండవసారి చదివినప్పుడు గాని నిజం మొదటి నుండీ కళ్ళ ముందే ఉన్నదని తెలియదు. కథ చెప్పేవారి వాక్యంలోనే పాత్ర అంతరంగం వినిపించే ఈ పద్ధతిని ఇంత నేర్పుగా నడిపినవారు ఆంగ్ల నవలలో ఆమెకు ముందు అరుదు. ఉత్తరాల రూపంలో కథలు చెప్పడంతో మొదలుపెట్టిన రచయిత్రి ఇరవై ఏళ్ళలో ఇక్కడికి చేరింది.

'ఎమ్మా'ను 1815 డిసెంబరు చివర జాన్ మర్రే ప్రచురించాడు. దేశాన్ని పాలిస్తున్న యువరాజు ఆమె నవలలను ఇష్టపడేవాడు. ఆయన గ్రంథాలయాధికారి సూచన మేరకు పుస్తకం ఆయనకు అంకితమైంది. రాజవంశం మీద ఒక చారిత్రక ప్రేమగాథ వ్రాస్తే బాగుంటుందని అదే అధికారి సలహా ఇచ్చాడు. తన పద్ధతి తనదనీ, మరొక విధంగా వ్రాయడం తన వల్ల కాదనీ ఆమె వినయంగా సమాధానమిచ్చింది. పల్లెటూరి కుటుంబాలు, వారి విందులు, పెళ్ళిచూపులు, అప్పులు, ఈర్ష్యలు తనకు తెలిసిన లోకం. ఆ హద్దు ఆమె దాటలేదు. దానిలోనే లోతుకు వెళ్ళింది. 1816లో సుప్రసిద్ధ రచయిత వాల్టర్ స్కాట్, పేరు చెప్పకుండా, 'ఎమ్మా'పై ప్రశంసాపూర్వకమైన సమీక్ష వ్రాశాడు.

సొమ్ము విషయంలో మాత్రం నిరాశే. 'మాన్స్‌ఫీల్డ్ పార్క్' రెండవ ముద్రణ నష్టం 'ఎమ్మా' లాభాన్ని మింగివేయగా చేతికి వచ్చినది 39 పౌండ్లకు లోపే. 1816 మార్చిలో అన్న హెన్రీ బ్యాంకు దివాలా తీసింది. ఆ సంవత్సరమే హెన్రీ క్రాస్బీకి పది పౌండ్లు చెల్లించి 'సూసన్' వ్రాతప్రతిని విడిపించాడు. సొమ్ము చేతులు మారిన తరువాతనే, అది 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' వ్రాసినవారి నవల అని చెప్పాడట.

చివరి నవల

1815 ఆగస్టులో మొదలుపెట్టిన 'పర్స్యుయేషన్' ఆమె పూర్తిచేసిన ఆఖరి నవల. నాయిక ఆన్ ఎలియట్‌కు ఇరవై ఏడేళ్ళు. ఎనిమిదేళ్ళ క్రితం పెద్దల మాట విని, ఆస్తిలేని నౌకాదళ యువకుని వదులుకొన్నది. అతడు ధనికుడై తిరిగివస్తాడు. ఆమె మీద కోపం ఇంకా చల్లారలేదు. చిన్ననాటి రచనలలో ప్రేమ పరిహాసవస్తువు, యౌవనంలో అది చమత్కార సంవాదం. ఇక్కడ అది ఎనిమిదేళ్ళు నోరువిప్పని బాధ. మానీడౌన్‌లో సరియని తోచక పెళ్ళిని కాదన్న స్త్రీ, సరియైన పెళ్ళిని కాదన్న మరొక స్త్రీ కథను ఇంత దయతో వ్రాసింది.

1816 జులై 18న నవల ముగించింది. అప్పటికే ఆరోగ్యం క్షీణిస్తున్నది. ముగింపు చదువుకొని తృప్తిపడలేదు. నాయికా నాయకులు కలుసుకొనే ప్రకరణాన్ని కొట్టివేసి, కొత్తగా వ్రాసి, ఆగస్టు 6న పూర్తిచేసింది. కొట్టివేసిన కాగితాలు నేడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. పూర్తయిన నవలలలో ఆమె స్వహస్తంతో మనకు మిగిలినది, ఆమె పనికిరాదని ప్రక్కన పెట్టిన ఆ భాగం ఒక్కటే. ప్రచురిత నవలలోని కొత్త ముగింపును దానితో పోల్చి చదివిన వారికి దిద్దుబాటు అంటే ఏమిటో వేరే పాఠం అక్కరలేదు.

1817 జనవరి 27న 'శాండిటన్' అనే నవలకు శ్రీకారం చుట్టింది. పదకొండు ప్రకరణాలు దాటి, మార్చి 18న కలం పక్కన పెట్టింది. మే 24న వైద్యం కోసం వించెస్టర్ నగరానికి తీసుకొనివెళ్ళారు. 1817 జులై 18న అక్క ఒడిలో తల ఉంచి కన్నుమూసింది. వించెస్టర్ ప్రధాన దేవాలయంలో సమాధి చేశారు. ఆ రాతి మీద ఆమె సుగుణాలను, దైవభక్తిని వర్ణించారు. నవలల ప్రస్తావన లేదు. ఆ లోటు తీర్చే ఇత్తడి ఫలకం 1872లో వచ్చింది.

1817 డిసెంబరులో 'పర్స్యుయేషన్', 'నార్తాంగర్ ఎబీ'గా పేరు మారిన 'సూసన్' కలిసి వెలువడినాయి. హెన్రీ వ్రాసిన పరిచయంలో రచయిత్రి ఎవరో లోకానికి తెలిసింది. రచనల వలన ఆమె జీవితకాలంలో సంపాదించినది 600, 700 పౌండ్ల మధ్య ఉంటుంది. 2017లో, ఆమె గతించిన రెండు వందల ఏళ్ళకు, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఆమె చిత్రంతో నోటు విడుదల చేసింది. అది పది పౌండ్ల నోటు. ఒకనాడు సొంత నవలను విడిపించుకోవడానికి ఆమె దగ్గర లేని మొత్తం. 2000లో 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ' ఆధారంగా తమిళంలో వచ్చి, 'ప్రియురాలు పిలిచింది'గా తెలుగులోకి అనువదింపబడిన చలనచిత్రాన్ని మనలో చాలామంది చూచినవారే. ఇల్లు పోయి, పట్నం చేరిన అక్కచెల్లెళ్ళ కథ తమిళనాడులో జరిగినట్లే ఒదిగిపోయింది. ఆడపిల్లకు ఇల్లు ఎవరిదన్న ప్రశ్న ఏ దేశంలోనైనా ఒకటే కదా.

ఈ సంచిక చదివే తల్లిదండ్రులకు, పూర్వ విద్యార్థినులకు ఒక మనవి. మన తరగతులలో బాగా వ్రాసే బాలికలు ప్రతి సంవత్సరం కనిపిస్తారు. వారిలో చాలామంది నోటు పుస్తకాలు పదవ తరగతితో మూతబడతాయి. అది ప్రతిభ తక్కువై జరిగేది కాదు. సాయంత్రం వేళ తమ్ముళ్ళను చూసుకొనడం, వంటింటి పని, అతిథులు వస్తే ముందుగా ఖాళీ చేయవలసినది తన చోటే కావడం, వీటి వల్ల జరుగుతుంది. జేన్ ఆస్టెన్‌కు అన్న ఒక ఇల్లు ఇచ్చాడు, అక్క వంటింటి బరువు మోసింది, తండ్రి చిన్ననాడే ఒక నోటు పుస్తకం కొని ఇచ్చాడు. ఎనిమిదేళ్ళు మూగబోయిన కలం వారి వల్ల మళ్ళీ కదిలింది. మన ఇంట్లో వ్రాసే పిల్ల ఉంటే, కిటికీ ప్రక్కన ఒక చిన్న బల్ల వేసి, రోజుకు ఒక గంట ఆమెను ఎవరూ పిలువకుండా చూడండి. దానికి పెద్ద ఇల్లు అక్కరలేదు.